సూక్ష్మజీవుల వంశవృక్షం గీసిన కార్ల్ వోజ్

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడే ఒక సంగతి స్పష్టంగా చెప్పారు. బడి జ్ఞాపకాలు ఇప్పటికే కుప్పలుగా వచ్చాయట. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కళాశాలల్లో సూక్ష్మజీవశాస్త్రం చెప్పిన వాణ్ణి కాబట్టి, ఈ యాభై ఏళ్లలో మా శాస్త్రంలో ఏం జరిగిందో ఇప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్లలకు కూడా అర్థమయ్యేలా రాయమన్నారు. అంత పెద్ద చరిత్ర ఒక్క వ్యాసంలో ఇమడదు. అందుకని ఒకే ఒక శాస్త్రవేత్త జీవితం పట్టుకుని ఆ చరిత్ర చెబుతాను. ఆయన పేరు కార్ల్ వోజ్. మన సంఘం మొదలైన 1976లోనే, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, ఒక ఎక్స్‌రే ఫిల్మ్ మీద తప్పక ఉండాల్సిన కొన్ని చుక్కలు లేకపోవడం ఆయన గమనించారు. ఇవాళ మనం జీనోమ్ అని, మైక్రోబయోమ్ అని పత్రికల్లో చదువుతున్న చాలా సంగతులకు దారి అక్కడే పడింది.

అప్పటి పాఠం

నేను 1972లో మన బడి నుంచి పదో తరగతి పూర్తి చేశాను. నా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మనకు జీవశాస్త్రమంటే రెండు ముక్కలు. ఒకటి వృక్షశాస్త్రం, రెండోది జంతుశాస్త్రం. లోకంలో ఉన్న ప్రతి ప్రాణీ ఈ రెండింట్లో ఏదో ఒక గదిలో కూర్చోవాలి. కదిలే అమీబా జంతుశాస్త్రంలో ఉండేది. కణం చుట్టూ గోడ ఉంది కాబట్టి బ్యాక్టీరియా వృక్షశాస్త్రంలోకి వచ్చాయి. బీయస్సీలోనూ బ్యాక్టీరియాను మాకు చెప్పింది వృక్షశాస్త్రం మాస్టారే. పెరుగు తోడుకోవడానికి కారణమైన ప్రాణికీ, ఊరి చివర మర్రిచెట్టుకూ ఏం చుట్టరికం అని అడిగితే చెప్పగలిగిన వాళ్లు లేరు.

అప్పటికే ఈ రెండు గదుల లెక్క చాలదని తెలిసినవాళ్లు ఉన్నారు. 1969లో రాబర్ట్ విట్టేకర్ అనే అమెరికా శాస్త్రవేత్త జీవులను ఐదు రాజ్యాలుగా విభజించారు. శిలీంధ్రాలకు వేరే గది, ఏకకణ జీవులకు వేరే గది వచ్చాయి. బ్యాక్టీరియా అన్నింటినీ మాత్రం కలిపి మొనేరా అనే ఒక్క గదిలో పెట్టారు. ఎందుకంటే వాటిలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చే మార్గం లేదు. మైక్రోస్కోపులో చూస్తే గుండ్రంగానో, కడ్డీలాగానో, మెలికలుగానో కనిపిస్తాయి. రంగు వేస్తే కొన్నిటికి పడుతుంది, కొన్నిటికి పట్టదు. కొన్ని చక్కెర తింటాయి, కొన్ని గంధకం మీద బతుకుతాయి. ఇంతకు మించి ఆధారం లేదు. మన బడి పిల్లలందరినీ మైదానంలో నిలబెట్టి, ఎత్తును బట్టీ చొక్కా రంగును బట్టీ ఎవరికి ఎవరు పెదనాన్న కొడుకో చెప్పమన్నట్టుగా ఉండేది ఆ పని. రోజర్ స్టానియర్, వాన్ నీల్ వంటి మహామహులు కూడా 1960ల మొదట్లో ఇక బ్యాక్టీరియా వంశవృక్షం గీయడం అయ్యే పని కాదని ఆశ వదులుకున్నారు.

ప్రతులు పోల్చే పద్ధతి

వంశం తేల్చే మార్గం వేరే చోట దొరికింది. దాన్ని క్లాసులో చెప్పేటప్పుడు నేను సి.పి. బ్రౌన్ గారి ఉదాహరణ ఇచ్చేవాణ్ణి. బ్రౌన్ గారు వేమన పద్యాలు సేకరించినప్పుడు ఊరికొక తాళపత్ర ప్రతి దొరికింది. ఏ రెండూ ఒకేలా లేవు. చూసి రాసేటప్పుడు లేఖకుడి చేతిలో ఒక అక్షరం జారుతుంది. ఆ ప్రతిని చూసి రాసినవాడు ఆ తప్పును అలాగే దింపి, తనదొక కొత్త తప్పు కలుపుతాడు. పండితులను దగ్గర పెట్టుకుని ఆయన ప్రతులన్నీ పోల్చి చూసి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించారు. ప్రతులు పోల్చే ఎవరికైనా ఒక సూత్రం తెలుసు. రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే తప్పు ఉంటే, ఆ రెండూ ఒకే మూల ప్రతి నుంచి దిగినవై ఉంటాయి. తప్పులు ఎంత ఎక్కువగా కలిస్తే చుట్టరికం అంత దగ్గర.

జీవకణాల్లోనూ ఇలాంటి రాతే జరుగుతోంది. ప్రతి కణం చీలేటప్పుడు తనలోని జన్యు అక్షరాలను చూచిరాత రాసి పిల్ల కణానికి ఇస్తుంది. అప్పుడప్పుడూ ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు తరతరాలకూ దిగుతుంది. కాబట్టి అణువులనే చరిత్ర పత్రాలుగా చదవవచ్చని 1965లో ఎమిల్ జుకర్‌కాండ్ల్, లైనస్ పాలింగ్ ఒక వ్యాసంలో వాదించారు. ఐతే ఏ అణువును చదవాలి? అది బ్యాక్టీరియా మొదలు ఏనుగు దాకా అన్నింటిలోనూ ఉండాలి. అన్నింటిలోనూ ఒకే పని చేస్తూ ఉండాలి. అక్షరాలు మరీ త్వరగా మారిపోకూడదు, అసలు మారకుండానూ ఉండకూడదు. ఆ అణువును ఎంచుకున్నదే వోజ్.

ఎవరీ వోజ్?

ఆయన 1928 జూలై 15న న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టారు. ఆమ్‌హెర్స్ట్ కళాశాలలో చదివింది గణితం, భౌతికశాస్త్రం. 1953లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి జీవభౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత వైద్య విద్యలో చేరి రెండేళ్లకు మానేశారు. కొంతకాలం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేసి, 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వచ్చి, జీవితాంతం అక్కడే ఉండిపోయారు. గమనించండి, బ్యాక్టీరియా గురించి క్రమపద్ధతిలో చదువుకున్న మనిషి కాదు. అందుకే కాబోలు, అయ్యే పని కాదని ఆ శాఖలో పెద్దలు వదిలేసిన ప్రశ్నను ఆయన చేతికి తీసుకోగలిగారు.

ఆయనకు మొదట ఉన్న ఆసక్తి జన్యు సంకేతం మీద. డి.ఎన్.ఏ.లోని అక్షరాలు ప్రొటీన్‌గా ఎలా అనువాదమవుతాయి, ఆ అనువాద యంత్రం మొదట ఎలా పుట్టింది అన్నది ఆయన ప్రశ్న. ఆ యంత్రం పేరు రైబోసోమ్. ఇది లేని కణం లేదు. ఈ యంత్రం చరిత్ర తెలియాలంటే అసలు కణాల చరిత్ర తెలియాలి, దానికి అన్ని జీవుల వంశవృక్షం కావాలి. 1969లో ఫ్రాన్సిస్ క్రిక్‌కు రాసిన ఉత్తరంలో, కణాలు తమలోపలే దాచుకున్న శిలాజ చరిత్రను చదవాలనుకుంటున్నానని వోజ్ తెలియజేశారు. చదవడానికి ఎంచుకున్నది రైబోసోమ్‌లోని ఒక ఆర్.ఎన్.ఏ. అణువు. దాని పేరు 16ఎస్ ఆర్.ఎన్.ఏ. బ్యాక్టీరియాలో దాని పొడవు సుమారు 1,500 అక్షరాలు.

చుక్కలు చదివిన సంవత్సరాలు

ఇప్పుడు ఆ 1,500 అక్షరాలను మన హైదరాబాదులో ఏ ల్యాబ్‌కు ఇచ్చినా ఒకటి రెండు రోజుల్లో చదివి ఈమెయిల్‌లో పంపిస్తారు. అప్పుడు అలా చదివే పద్ధతి లేదు. ఉన్నదల్లా ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ శాంగర్ బృందం కనిపెట్టిన ముక్కల పద్ధతి. దాన్ని నాకు తెలిసిన భాషలో చెబుతాను.

ముందు బ్యాక్టీరియాను రేడియోధార్మిక భాస్వరం కలిపిన ద్రావణంలో పెంచాలి. వాటిలోంచి రైబోసోముల ఆర్.ఎన్.ఏ. వేరుచేయాలి. ఒక ఎంజైమ్‌తో దాన్ని ముక్కలు కొట్టాలి. ఆ ఎంజైమ్ ‘జి’ అనే అక్షరం వచ్చిన ప్రతిచోటా కోస్తుంది. ఆ ముక్కలను కాగితం మీద విద్యుత్తు సాయంతో రెండు దిశల్లో నడిపిస్తే, పొడవును బట్టీ అక్షరాలను బట్టీ ఒక్కో ముక్క ఒక్కో చోట ఆగుతుంది. దాని మీద ఎక్స్‌రే ఫిల్మ్ పరిచి ఉంచితే, రేడియోధార్మికత వల్ల ముక్క ఉన్న ప్రతిచోటా నల్లటి చుక్క పడుతుంది. ఆ చుక్కల్లో ప్రతిదాన్నీ మళ్లీ కోసి, మళ్లీ నడిపించి, అది ఏ అక్షరాల ముక్కో తేల్చాలి. చివరికి వచ్చేది మొత్తం వాక్యం కాదు, ఆ వాక్యంలోని పదాల జాబితా మాత్రమే. మొదట్లో ఒక్కో జీవికి ఈ పని నెలల తరబడి పట్టేది.

గోడకు బిగించిన లైట్‌బాక్స్ మీద ఆ ఫిల్ములు పెట్టుకుని వోజ్ ఏళ్ల తరబడి చుక్కలు చూస్తూ కూర్చున్నారు. ప్రపంచంలో ఆ పని చేస్తున్న మనిషి దాదాపు ఆయన ఒక్కరే. ఇవాళ కూడా బుర్ర పాడుచేసుకున్నావురా అని తనను తాను తిట్టుకుంటూ సాయంత్రం ఇంటికి నడిచేవాణ్ణని పెద్దవయసులో చెప్పుకున్నారు. దీనికి డబ్బు ఇచ్చిన సంస్థల్లో నాసా ఒకటి. ఇతర గ్రహాల మీద ప్రాణి ఉందేమో వెతకాలంటే, ముందు భూమి మీద ప్రాణి మొదట్లో ఎలా ఉండేదో తెలియాలన్నది వాళ్ల లెక్క.

పుస్తకాల్లో వోజ్ పేరే ఉంటుంది గానీ, ఆ ల్యాబ్‌లో రేడియోధార్మిక ద్రావణాలతో చేతులు పెట్టి పనిచేసిన వాళ్లు వేరే ఉన్నారు. లిండా మాగ్రమ్ అనే టెక్నీషియన్ ఏళ్ల తరబడి ఆ ఫిల్ములు తయారుచేశారు. జార్జ్ ఫాక్స్ అనే యువ పరిశోధకుడు ఆ జాబితాలను పోల్చే లెక్కలు చూశారు. ఈ పేర్లు కూడా మన పిల్లలకు తెలియాలి.

పశువుల కొట్టం నుంచి వచ్చిన ఆశ్చర్యం

అదే విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ వుల్ఫ్ అనే ప్రొఫెసర్ మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవుల మీద పనిచేసేవారు. ఈ మీథేన్ జీవులు మనకు బాగా తెలిసినవే. పశువు పొట్టలో ఉంటాయి. వరిమడి బురదలో కాలు పెడితే బుడబుడమని పైకి వచ్చే గాలిలో వాటి పని ఉంది. పెంకుటింటి వెనకాల కట్టుకున్న గోబర్ గ్యాస్ తొట్టిలో పేడ నుంచి వంటగ్యాస్ పుట్టించేది అవే. గాలి తగిలితే చచ్చిపోతాయి కాబట్టి వీటిని ప్రయోగశాలలో పెంచడం చాలా కష్టం. వుల్ఫ్ శిష్యుడు విలియం బాల్చ్ మూసిన సీసాలో, ఒత్తిడితో వాయువులు నింపి, వీటిని పెంచే పద్ధతి సాధించారు. అందువల్లే రేడియోధార్మిక భాస్వరంతో క్షేమంగా పెంచడం వీలైంది.

1976 జూన్‌లో మొదటి మీథేన్ జీవి ఫిల్మ్ వోజ్ లైట్‌బాక్స్ మీదికి వచ్చింది. అప్పటిదాకా చదివిన ప్రతి బ్యాక్టీరియాలోనూ కొన్ని చుక్కలు తప్పకుండా కనిపించేవి. బ్యాక్టీరియా కులచిహ్నం అనుకోవచ్చు. ఈ ఫిల్మ్‌లో అవి లేవు. పొరపాటేమో అని మళ్లీ చేయించారు. మళ్లీ లేవు. ఇవి బ్యాక్టీరియానే కావని ఆయన వుల్ఫ్‌తో అన్నారు. వుల్ఫ్‌కు నమ్మకం కలగలేదు. మైక్రోస్కోపులో చూస్తే బ్యాక్టీరియాలాగానే ఉన్నాయి కదా! తర్వాతి నెలల్లో మరికొన్ని మీథేన్ జీవులను చదివారు. అవన్నీ ఒకదానికొకటి దగ్గర చుట్టాలు, బ్యాక్టీరియాకు మాత్రం ఎంత దూరమో, మొక్కలకూ జంతువులకూ కూడా అంతే దూరం. తర్వాత ఉప్పునీటి జీవులు, వేడినీటి ఊటల్లో బతికే జీవులు కొన్ని ఇదే గుంపులో చేరాయి.

ఉప్పుమడులు చూసినవాళ్లకు ఒక దృశ్యం తెలుసు. నీరు చిక్కబడి ఉప్పు పేరుకునే దశలో మడిలో ఎర్రటి ఛాయ తిరుగుతుంది. ఆ రంగులో చాలా భాగం ఈ గుంపుకు చెందిన జీవులదే. మా విద్యార్థులను ఏటా ఉప్పుమడుల దగ్గరికి తీసుకెళ్లి, ఆ నీళ్లు సీసాలో పట్టించి, ఇది వృక్షశాస్త్రమూ కాదు, జంతుశాస్త్రమూ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు అని చెప్పేవాణ్ణి. పాఠం అక్కడ ఎక్కినంత బాగా క్లాసులో ఎక్కేది కాదు.

పత్రికకెక్కిన వార్త, వచ్చిన నిందలు

1977 నవంబరులో వోజ్, ఫాక్స్ ఇద్దరూ రాసిన పత్రం అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చింది. జీవులకు మూలంలో మూడు వంశాలున్నాయన్నది దాని సారం. వాళ్లు కొత్త వంశానికి ఆర్కిబ్యాక్టీరియా అని పేరు పెట్టారు. నవంబరు 3న న్యూయార్క్ టైమ్స్ దీన్ని మొదటి పేజీలో వేసింది.

ఆ మొదటి పేజీయే వోజ్‌కు చేటు తెచ్చింది. శాస్త్రవేత్తలు పత్రం చదవకముందే వార్త చదివారు. పేపర్లో ప్రకటించి పేరు తెచ్చుకునే మనిషి అనుకున్నారు. నోబెల్ బహుమతి అందుకున్న సాల్వడార్ లూరియా స్వయంగా వుల్ఫ్‌కు ఫోన్ చేసి, ఈ పిచ్చి వ్యవహారం నుంచి బయటపడకపోతే నీ భవిష్యత్తు పాడవుతుందని హెచ్చరించారట. పత్రం చదివాక మళ్లీ మాట్లాడండి అని వుల్ఫ్ జవాబిచ్చారు. ఆ రెండో ఫోన్ రాలేదని వుల్ఫ్ తర్వాత రాసుకున్నారు.

న్యాయంగా చెప్పాలంటే, అనుమానించిన వాళ్లందరూ అసూయాపరులు కారు. వోజ్ ఆధారం ఒకే ఒక అణువు మీద నిలబడింది. దాన్ని మళ్లీ చేసి చూసే సౌకర్యం మిగతా ల్యాబ్‌ల్లో లేదు. పైగా వోజ్ సభలకు వెళ్లి వాదించే మనిషి కాదు. మాటకారి కాదు, కాస్త ముభావి. ఆయనకు మద్దతు జర్మనీ నుంచి వచ్చింది. మ్యూనిక్‌లో కణకవచాల మీద పనిచేస్తున్న ఒట్టో కాండ్లర్‌, ఈ జీవుల గోడల్లో బ్యాక్టీరియాకు ఉండే ముఖ్య పదార్థమే లేదని చూపించారు. వీటి పొరల్లోని కొవ్వుల నిర్మాణం కూడా వేరని మరికొందరు తేల్చారు. వోల్‌ఫ్రామ్ జిల్లిగ్ బృందం వీటి ఆర్.ఎన్.ఏ. తయారుచేసే ఎంజైమ్ మనలాంటి జీవుల ఎంజైమ్‌ను పోలి ఉందని చూపింది. ఒకే మాటను నలుగురు సాక్షులు నాలుగు వైపుల నుంచి చెప్పినట్టయింది. 1981లో మ్యూనిక్‌లో ఈ జీవుల మీదే ప్రత్యేకంగా ఒక సదస్సు జరిగింది.

1990లో వోజ్, కాండ్లర్, మార్క్ వీలిస్ కలిసి జీవప్రపంచాన్ని మూడు మహావిభాగాలుగా చేశారు. అవి బ్యాక్టీరియా, ఆర్కియా, యూకేరియా. చెట్టు, పుట్టగొడుగు, ఆవు, మనిషి అందరం మూడోదానిలో ఒక మూల ఇరుక్కుని ఉంటాం. మిగిలిన చెట్టంతా కంటికి కనిపించని వాళ్లదే.

జీనోమ్‌ల కాలం

ఒక అణువు సాక్ష్యం చాలదన్న వాళ్లకు అసలు సమాధానం 1990లలో వచ్చింది. 1995 జూలైలో క్రెయిగ్ వెంటర్, హామిల్టన్ స్మిత్ బృందం హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా మొత్తం జీనోమ్ ప్రకటించింది. స్వతంత్రంగా బతికే జీవి జీనోమ్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం అదే మొదలు. అక్షరాలు 18,30,137. అదే ఏడాది క్లేర్ ఫ్రేజర్ నాయకత్వంలో మైకోప్లాస్మా జెనిటాలియమ్ అనే మరీ చిన్న బ్యాక్టీరియా జీనోమ్ వచ్చింది. అందులో ఉన్నది సుమారు 5,80,000 అక్షరాలే.

మూడో వంశం నుంచి ఒక జీవిని చదవాలని వోజ్ పట్టుబట్టారు. ఎంచుకున్నది మెథనోకాకస్ జన్నాషీ. పసిఫిక్ సముద్రంలో 2,600 మీటర్ల లోతున, అడుగు నుంచి వేడినీళ్లు చిమ్మే చోట 1982లో సేకరించిన మీథేన్ జీవి అది. 1996 ఆగస్టులో దాని జీనోమ్ అచ్చయింది. సుమారు 1,700 జన్యువుల్లో సగానికి పైగా శాస్త్రానికి పూర్తిగా కొత్తవి. ఆహారం, శక్తి వ్యవహారాలు చూసే జన్యువులు బ్యాక్టీరియాను పోలి ఉన్నాయి. అక్షరాలు చదివి ప్రొటీన్ తయారుచేసే జన్యువులు మాత్రం మన వైపు జీవులను పోలి ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందట చుక్కలు చెప్పిన మాటనే పూర్తి గ్రంథం ధ్రువపరిచింది.

అయినా వాదన ఆగలేదు. పరిణామశాస్త్రంలో పెద్దాయన ఎర్నస్ట్ మేయర్ 1998లో, తొంభై నాలుగేళ్ల వయసులో, కణంలో కేంద్రకం ఉన్నవి, లేనివి అనే రెండు సామ్రాజ్యాలు చాలునని రాశారు. వోజ్ అదే పత్రికలో జవాబిచ్చారు. కంటికి కనిపించే రూపమా, కణం లోపలి చరిత్రా, ఏది వర్గీకరణకు పునాది కావాలన్నదే వాళ్ల తగాదా. ఇప్పుడు వోజ్ చెట్టులోనే మరో మార్పు వస్తోంది. 2015లో ఆర్కిటిక్ సముద్రపు అడుగు మట్టిలో లోకీఆర్కియా అనే గుంపు జన్యువులు దొరికాయి. వాటిని చూశాక, మన వంశం ఆర్కియా పక్కన మొలిచిన కొమ్మ కాదనీ, ఆర్కియా లోంచే చీలిన రెమ్మ అనీ చాలామంది అంటున్నారు. అదే నిజమైతే మూడు విభాగాలు రెండవుతాయి. వోజ్ పద్ధతి వోజ్ చెట్టునే దిద్దుతోందన్నమాట.

వోజ్ కొలబద్దతో హైదరాబాదులో

ప్రయోగశాలలో పళ్లెంలో పెంచగలిగిన సూక్ష్మజీవులు ప్రకృతిలో ఉన్నవాటిలో చాలా కొద్ది పాలే. మట్టి చుక్కను మైక్రోస్కోపులో చూస్తే కనిపించేవాటిలో నూటికి ఒకటి కూడా పళ్లెంలో మొలవదు. 1980లలో నార్మన్ పేస్ ఒక దారి చూపించారు. జీవిని పెంచడం ఎందుకు, నీళ్లలోంచో మట్టిలోంచో నేరుగా జన్యుపదార్థం తీసి వోజ్ ఎంచుకున్న ఆ ఒక్క జన్యువును చదివితే అక్కడ ఎవరెవరున్నారో తెలుస్తుంది కదా అన్నారు. 1990లో సర్గాసో సముద్రపు నీటిని అలా చదివినప్పుడు అప్పటిదాకా ఎవరూ ఎరగని ఒక గుంపు బయటపడింది. సముద్రాల్లో అత్యధిక సంఖ్యలో ఉన్న జీవుల్లో అది ఒకటని తర్వాత తేలింది.

ఈ కొలబద్ద మన దగ్గరా చక్కగా పనిచేసింది. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్‌ను ఎగరేసింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని శుభ్రమైన గొట్టాల్లో పట్టి కిందికి తెచ్చారు. హైదరాబాదులోని సీసీఎంబీ, పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రం వాటిని పరీక్షించాయి. మొత్తం 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సముదాయాలు మొలిచాయి. ఆ 12లో తొమ్మిదింటి 16ఎస్ అక్షరాలు భూమి మీద తెలిసిన జాతులతో నూటికి 98 పాళ్లకు పైగా సరిపోయాయి. మూడు కొత్త జాతులని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయ్‌ల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి మన ఆర్యభటుడి పేరు పెట్టారు. పూర్తి జీనోమ్‌లు పోల్చే రోజులొచ్చాక బాసిల్లస్ ఆర్యభట్టై ఇంటిపేరు మారి ప్రీస్టియా అయింది. పెళ్లయిన ఆడపిల్ల ఇంటిపేరు మారినట్టు మా శాస్త్రంలో ఇది మామూలే.

ఇదే కొలబద్దను మనిషి శరీరం మీద పెడితే వచ్చిందే మైక్రోబయోమ్ శాస్త్రం. అమెరికా ప్రభుత్వం 2007లో మొదలుపెట్టిన మానవ మైక్రోబయోమ్ ప్రాజెక్టు, 2012లో 242 మంది ఆరోగ్యవంతుల నోరు, ముక్కు, చర్మం, పేగు వగైరా చోట్ల ఎవరెవరు కాపురమున్నారో ప్రకటించింది. మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఒక లెక్క తేలింది. మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అంతకుముందు ఒకటికి పది అని అందరం చెప్పుకున్న లెక్క చెల్లలేదు. వోజ్ చూసిన మీథేన్ జీవులకు చుట్టం ఒకటి మన పేగుల్లోనూ ఉంది, దాని జీనోమ్ 2007లో వచ్చింది.

ఇది పెద్దదేశాల వినోదం కాదు. కాళ్లు వాచి, జుట్టు రంగు మారి, పొట్ట ఉబ్బిన పిల్లలను మన తరం పల్లెల్లో కళ్లారా చూసింది. ఆ జబ్బు క్వాషియోర్కర్. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల పాటు దీని మీద పనిచేసింది. ఒకే ఇంట్లో, ఒకే తిండి తిన్న కవలల్లో ఒకరికే ఈ జబ్బు ఎందుకొస్తుందన్నది తేలని ప్రశ్న. జెఫ్రీ గోర్డన్ బృందం ఆఫ్రికాలోని మలావీలో 317 కవల జంటలను మూడేళ్ల వయసు దాకా గమనించి, 2013లో జవాబులో ఒక భాగం చెప్పింది. జబ్బుపడ్డ పిల్లల పేగు సూక్ష్మజీవులను, సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలకు ఇచ్చి, మలావీ తిండే పెడితే కొన్ని ఎలుకలు బాగా చిక్కిపోయాయి. ఆరోగ్యంగా ఉన్న కవల తాలూకు సూక్ష్మజీవులు ఇచ్చినవాటికి అలా జరగలేదు. తిండి ఒక్కటే కాదు, లోపల దాన్ని పంచుకునే వాళ్లెవరన్నదీ లెక్కలోకి వస్తుందన్నమాట.

అదే ఏడాది నెదర్లాండ్స్ వైద్యులు, యాంటీబయోటిక్‌లు వాడాక పట్టుకునే మొండి విరేచనాల జబ్బుకు ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను పేగులోకి పంపి చూశారు. 16 మందిలో 13 మందికి మొదటిసారికే నయమైంది. మందు ఒక్కటే వాడిన 13 మందిలో నయమైంది నలుగురికి. ఇంతవరకు గట్టి ఆధారం ఉంది. దీన్ని చూపించి, మైక్రోబయోమ్ పేరుతో ప్రతి జబ్బుకూ పొడులు, మాత్రలు, పరీక్షలు అమ్మే వాళ్లు బయల్దేరారు. ఏ జబ్బుకు ఏ జీవి, ఎంత మోతాదు, ఎంతమంది మీద చూశారు అని అడిగి, జవాబు లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోమని మన మిత్రులకు నా మనవి. అంతకన్నా ముఖ్యం, జలుబుకు కూడా యాంటీబయోటిక్ అడిగి వేయించుకోవడం మానాలి. అది జలుబును తగ్గించదు, లోపల కాపురమున్న వాళ్లను మాత్రం చెదరగొడుతుంది.

చివరిగా

వోజ్‌కు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1992లో లీవెన్‌హుక్ పతకం, 2000లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం, 2003లో స్వీడన్ వారి క్రాఫోర్డ్ బహుమతి అందుకున్నారు. నోబెల్ రాలేదు. 2012 డిసెంబరు 30న, 84వ ఏట కన్నుమూశారు. మానవ మైక్రోబయోమ్ ఫలితాలు అచ్చయింది కూడా ఆ ఏడాదే.

మన బడిలో ఇప్పుడు చదువుతున్న పిల్లల్లో చాలామంది ఇంజనీరింగ్ వైపే చూస్తారని తెలుసు. వాళ్ల తల్లిదండ్రుల భయం కూడా నాకు తెలుసు. పదేళ్లు చుక్కలు చూస్తూ కూర్చుంటే ఇల్లు గడవడం ఎలా? వోజ్‌కు నెల నెలా జీతమిచ్చిన విశ్వవిద్యాలయం ఉంది, ఫలితం ఎప్పుడొస్తుందని నిలదీయకుండా డబ్బిచ్చిన సంస్థలున్నాయి. అవి లేకుండా ఓపిక ఒక్కటే ఉంటే చాలదు. ఆ ఏర్పాటు మన దగ్గర కొంత ఉంది, ఇంకా చాలా కావాలి. అది అడగాల్సిన పని మన వయసు వాళ్లది.

మన సంఘం చేయగలిగిన చిన్నపని ఒకటుంది. స్వర్ణోత్సవ నిధిలో కమాను కట్టించడానికి, సభకు, జ్ఞాపికలకు కేటాయింపులు చూశాను. వాటిలోంచి కొంత తీసి బడి ప్రయోగశాలకు నాలుగు మంచి మైక్రోస్కోపులు కొనిద్దాం. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, వారానికొక రోజు పిల్లల చేతికిచ్చేలా ప్రధానోపాధ్యాయుల వారితో మాట్లాడదాం. చెరువు నీళ్లు, పెరుగు తేట, పేడనీళ్లు, గోడమీది నాచు, ఏవి తెచ్చినా చూడనిద్దాం. వాటిని చూపించడానికి శనివారాలు నేను వస్తాను. నాతోపాటు రాగలిగిన మిత్రులు కార్యదర్శి గారి దగ్గర పేర్లు ఇవ్వండి.